శుక్రవారం నీళ్లు

వంటింట్లో స్టీలు గ్లాసును నాలుగోసారి తొలుస్తుంటే మావారు వచ్చి కుళాయి కట్టేశారు. "అది మంచినీళ్ల గ్లాసా, గుళ్లో పంచపాత్రా?" అన్నారు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆయన చిరాకు తగ్గలేదు, నా అలవాటూ పోలేదు. నిజానికి ఆ నాలుగోసారి నాది కాదు. మా ప్రయోగశాలలో ముప్పై ఏళ్లు గాజుసామాను కడిగిన ఒక మనిషిది. "మూడుసార్లు మీ సైన్సు కోసం, నాలుగోసారి నా దిల్ కోసం" అనేవాడు. ఆ మనిషి పోయాడని ఆ సాయంత్రమే మా పాత జీపు డ్రైవరు ఫోన్ చేశాడు.

"మేడమ్, అన్న గుజర్ గయే. పది రోజులాయె. మీకు ఎవ్వరూ చెప్పలేదని నాకిప్పుడే ఎర్కైంది" అన్నాడు.

అన్న అంటే ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ అన్నే. నేను ఆయనకు పై ఉద్యోగిని, వయసులో పదేళ్లు చిన్న. గుంటూరు నుంచి వచ్చి చేరిన మొదటి రోజున పేరు చివర "గారు" తగిలించి పిలిస్తే ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూశాడు. తననేనని తెలిశాక చాలాసేపు నవ్వాడు. "గారు గీరు ఏంది మేడమ్, పోలీస్ స్టేషన్ల పిల్సినట్టు. అన్నా అనుండ్రి, పలుకుత" అన్నాడు. అప్పటినుంచి నాకూ అన్నే.

మాది నేలల ప్రయోగశాల. మట్టిలోకి, నీళ్లలోకి భాస్వరం ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడం మా పని. చాలా మూలకాలకు బరువులో కాస్త తేడా ఉన్న తోబుట్టువులుంటాయి. ఐసోటోపులంటారు. వాటి పాళ్లు చూసి సరుకు ఏ ఊరిదో చెప్పవచ్చు. భాస్వరం దగ్గర ఆ ఆట సాగదు, దానికి నిలకడగా ఉండే రూపం ఒక్కటే. అందుకని మేం దాన్ని అడగడం మానేసి, దాన్ని అంటిపెట్టుకుని ఉండే ఆక్సిజన్‌ను అడుగుతాం. అందులో బరువైనదీ తేలికదీ ఉంటాయి. వాటి పాళ్లు పొలాల్లో చల్లే ఎరువులో ఒకలా, ఇళ్ల మురుగులో ఒకలా, బట్టల సబ్బుపొడిలో ఇంకోలా ఉంటాయి. అన్నిచోట్లా ఇంత తేటగా విడిపోవు. కొన్నిచోట్ల మాత్రం విడిపోతాయి, అప్పుడు మాకు పండగే.

ఇదంతా జరగాలంటే గాజు శుభ్రంగా ఉండాలి. మామూలు శుభ్రం చాలదు. సబ్బుపొడిలో భాస్వరం ఉంటుంది, చెమటలో ఉంటుంది, ఉమ్ములో ఉంటుంది. ఫ్లాస్కు అంచున సబ్బు జాడ ఇంత మిగిలినా నెల పని బూడిదలో పోసినట్టే. అందుకని మా గాజు గదిలోకి సబ్బు రాకూడదు. ఆమ్లంలో నానబెట్టి, శుద్ధి చేసిన నీళ్లతో తొలవాలి, అంతే. ఆ గదికి అన్న కాపలా. గుమ్మంలో నిలబడి లోపలికొచ్చేవాళ్ల చేతులు వాసన చూసేవాడు. ఒకసారి పైనుంచి తనిఖీకి వచ్చిన పెద్ద అధికారిని కూడా గుమ్మంలోనే ఆపాడు.

"సార్, జర్ర అవతల నిలవడున్రి. మీరు పొద్దుగాల నిమ్మకాయ సబ్బుతోని తానం జేసిన్రు."

ఆయన మొహం ఎర్రబడింది. అన్న మాత్రం కదల్లేదు. చివరికి అధికారే తనిఖీని గుమ్మంలోంచి కానిచ్చి వెళ్లిపోయాడు.

నమూనాలు తీసే రోజుల్లో తను కూడా ఒంటికి సబ్బు రాసుకునేవాడు కాదు. సున్నిపిండే. దానివల్ల ఇంట్లో రోజూ లొల్లి అయ్యేదని చెప్పేవాడు. కడిగిన గాజులోంచి ఆఖరి నీళ్లు పరీక్షనాళికలో పట్టి, మందు కలిపి, కిటికీ దగ్గర ఎత్తి పట్టుకునేవాడు. భాస్వరం రవ్వంత ఉన్నా ఆ నీళ్లు నీలంగా మారతాయి. పది నిమిషాలు అలాగే నిలబడి, అప్పుడు నా గదికి వచ్చి "నీలం రాలె మేడమ్" అని చెప్పేవాడు. మా పనిరోజు ఆ మాటతో మొదలయ్యేది.

అసలు సంగతేమిటంటే, ఆయనది బట్టలుతికే కుటుంబం. బహదూర్‌పురాలో జూ వెనక చెరువులోకి పోయే కాలువ మీద వాళ్ల రేవు. తాత, తండ్రి, తర్వాత తమ్ముడు అందరూ ఆ బండల మీదే బతికారు. పదో తరగతి గట్టెక్కిన అన్న ఒక్కడూ సర్కారు నౌకరీలో పడ్డాడు. "మా నాయిన తెల్లబట్టకు నీలం వెట్టి, నీలం మంచిగొస్తే ఖుష్. మీరేమో నీలం వస్తే పరేషాన్. నడుమ నేనేం గావాలె మేడమ్?" అని నవ్వేవాడు. చూపు మాత్రం రేవుదే. మావారు ఒకసారి ఆఫీసుకొస్తే కాలర్ వంక చూసి, "సార్, మీ అంగికి నీలం జాస్తైంది. బోరు నీళ్లల్ల ఉతుకుతున్నరు" అన్నాడు. నిజమే, ఆ నెల సంతోష్‌నగర్‌లో మాకు కుళాయి నీళ్లు రావడం లేదు. మావారు వారం రోజులు అద్దం ముందు కాలర్ చూసుకున్నారు.

వేళ్లు మాత్రం ఎప్పుడూ నల్లగా ఉండేవి. నీళ్లలోని భాస్వరాన్ని చివరికి వెండి లవణంతో కలిపి పసుపుపచ్చటి పొడిగా దింపుతాం. ఆ లవణం చర్మానికి తగిలితే నల్ల మచ్చ, రోజుల తరబడి పోదు. చేతితొడుగులు వేసుకోమంటే "గాజు చేతికి తెల్వాలె మేడమ్" అనేవాడు. కూతురి పెళ్లి మాటలప్పుడు అవతలివాళ్లు ఆ వేళ్లు చూసి ఏం పని చేస్తారని అడిగారట. "వెండి పని" అన్నాడట. లాడ్ బజార్ వైపు ఏదో వెండి దుకాణం ఉందనుకుని వాళ్లు సంబరపడ్డారు. పెళ్లయ్యాక తెలిసి అల్లుడు అడిగితే, "వెండి కాదా మరి? అడుగు మా మేడమ్‌ను" అని నా దగ్గరికి పంపాడు. ఆ కుర్రాడికి నేను అరగంట రసాయనశాస్త్రం చెప్పాల్సి వచ్చింది.

నేను చేరక ముందు ఆ ప్రయోగశాలలో రేడియోధార్మిక భాస్వరంతో పని చేసేవారు. దాన్ని కుండీల్లో పోసి, మట్టిలోంచి మొక్కలోకి ఎంత ఎక్కిందో యంత్రంతో లెక్కపెట్టేవారు. ఆ భాస్వరం పద్నాలుగు రోజులకు సగమైపోతుంది, మరో పద్నాలుగు రోజులకు ఆ మిగిలినదాంట్లో సగం. ఆ లెక్క అన్నకు ఒంటబట్టింది. జ్వరమొచ్చినా, ఆఫీసులో ఇద్దరు మాట్లాడుకోకపోయినా, బదిలీ ఉత్తర్వు వచ్చి ఎవరైనా మొహం వేలాడేసినా, "ఫికర్ జేయకు, పద్నాలుగు రోజులల్ల సగమైతది" అనేవాడు. మేం నవ్వేవాళ్లం. మా నాన్న పోయి నేను తిరిగి ఆఫీసుకు వచ్చిన రోజున ఆయన గాజు గదిలో స్టూలు వేసి కూర్చోబెట్టాడు. తలుపు దగ్గరికి వేశాడు.

"ఏడ్వున్రి మేడమ్. ఈ గదిల కన్నీళ్లకు ఇయ్యాల అడ్డు లేదు, గాజులన్నీ బీరువల వెట్టిన" అన్నాడు. నా పక్కనే గోడకు ఆనుకుని, "పద్నాలుగు రోజులకు సగం. ఇంకో పద్నాలుగుకు అండ్ల సగం. మొత్తం ఎన్నడు పోదు మేడమ్. నేను సూసిన గదా. మెషీన్ల తక్కువ కనవడ్తది, గంతే."

నన్ను ఓదార్చడానికి ఎంతోమంది వచ్చారు. మొత్తం ఎన్నడూ పోదని చెప్పినవాడు ఆయనొక్కడే. ఆ రోజు నుంచి నాకాయన మీద ఉన్నది గౌరవం మాత్రమే కాదు, ప్రేమ కూడా.

ఇక ఆ రేవు సంగతి. ఐదారేళ్ల కిందట జూ వెనక చెరువంతా గుర్రపుడెక్క కమ్మేసింది. నీళ్లలో భాస్వరం ఎక్కువైతే ఆ కలుపు అలా పెరుగుతుంది. దోషం ఎవరిదో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. రేవు వాళ్ల సబ్బుపొడే కారణమని కొందరు, కాలువలో కలిసే బస్తీల మురుగని కొందరు. సబ్బుదని తేలితే రేవు ఎత్తేస్తారు. పరీక్ష మాకు అప్పగించారు. అక్కడ అన్న తమ్ముడు ఉతుకుతాడని నాకు తెలుసు. అన్నను ఈ పనికి దూరంగా ఉంచాలా అని ఒక్క క్షణం అనుకున్నాను. ఆయన కడిగిన గాజు లేకుండా ఈ పని చేయలేనని మరుక్షణమే అనిపించింది.

జీపు వారానికి ఒక రోజే ఇస్తామన్నారు. ఏ రోజు వెళదామని అడిగితే, "శుక్రవారం పోదాం మేడమ్. రోడ్లు ఖాళీ ఉంటయి" అన్నాడు అన్న. బాగుందన్నాను. ఏడాది పాటు ప్రతి నెలా ఒక శుక్రవారం పొద్దున వెళ్లి, రేవుకు పైన, రేవు దగ్గర, రేవుకు కింద, చెరువు మొదట్లో క్యాన్లు నింపుకొచ్చాం. నేను వెళ్లినప్పుడల్లా బండలు ఎండి ఉండేవి. ఒకరిద్దరు కూర్చుని బీడీలు కాల్చుకుంటుండేవారు. రేవు వాడకం పెద్దగా లేదని నివేదికలో నా చేతులతో నేనే రాశాను. ఫలితాలూ అలాగే వచ్చాయి. సబ్బు జాడ లేనట్టే, అంతా మురుగే. నాకు లోలోపల సంతోషమైంది. అన్న తమ్ముడు బతికిపోయాడనుకున్నాను.

సోమవారం నివేదిక ఇవ్వాలి. అంతకు ముందు గురువారం మధ్యాహ్నం గాజు గదిలోకి వెళితే బల్ల మీద నీళ్ల క్యాన్లు కడిగి బోర్లించి ఉన్నాయి.

"ఇవెందుకు కడిగారు అన్నా? నీళ్లు తేవడం అయిపోయిందిగా."

"ఇంకొక్కసారి తేవాలె మేడమ్. మంగళవారం."

"మంగళవారం ఏముంది?"

"మంగళవారం బట్టలు వడ్తయి."

నాకు అర్థం కాలేదు. ఆయన నా వంక చూడకుండా చెప్పాడు. "శుక్రవారం రేవుల బట్టలు వడవు మేడమ్. సగం మంది నమాజుకు పోతరు. మిగిలినోళ్లు ఉతికినయి ఇండ్లకు పంచ పోతరు. మా తాత జమాన నుంచి గంతే. పారే కాల్వ గదా, ముందటి రోజు సబ్బు తెల్లారేసరికి కొట్టుకపోతది. మీరు ఏడాది సంది తెచ్చినయన్నీ ఛుట్టీ నీళ్లు."

నేను స్టూలు మీద కూలబడ్డాను. శుక్రవారం మధ్యాహ్నం చేతిగాజులు కొనడానికి చార్మినార్ వైపు వెళ్లకూడదని, సగం దుకాణాలు మూసి ఉంటాయని నాకు తెలుసు. పాతబస్తీ అంచున ఇరవై ఏళ్లుగా కాపురం ఉంటున్నాను. ఆ శుక్రవారం రేవుకూ ఉంటుందని మాత్రం తట్టలేదు. చదువుకున్న మొద్దుతనం అంటే అదే.

"కావాలనే శుక్రవారం అన్నారా?"

"కావాల్ననే."

కోపం ఆగలేదు. "ఇన్నేళ్లు గాజు కడిగి చివరికి ఇదా మీరు చేసింది? నన్ను ఎంత వెర్రిదాన్ని చేశారు!" అని అరిచాను. ఆయన ఆ అరుపంతా నిలబడి విన్నాడు.

"అందుకే చెప్తున్న మేడమ్. క్యాన్లు మంచిగ కడిగి, వాటిల్ల అబద్ధం నింపి తెచ్చిన. మీరు నా గాజు మీద ఎన్నడు అనుమానపడలె. నిద్ర వడ్తలేదు."

"మరి మీ తమ్ముడు?"

"ఆనికి రేవు తప్ప ఇంకేం రాదు" అన్నాడు. "నా నౌకరీ తియ్యిన్రి, ఉంచున్రి, మీ ఇష్టం. నీళ్లు మాత్రం తియ్యిన్రి."

నౌకరీ నేనెందుకు తీస్తాను? ఆఫీసులో ఒక్క మాటే చెప్పాను. వారంలో ఒకే రోజు తీయడం సరైన పద్ధతి కాదని నాకే అనుమానం వచ్చిందని, గడువు ఇంకో నెల కావాలని. డైరెక్టరు గారు నా జాగ్రత్తను మెచ్చుకున్నారు కూడా. అసలు సంగతి అన్నకూ నాకూ తప్ప మూడోవాళ్లకు తెలియదు.

మంగళవారం రేవు వేరే లోకం. బండబండకూ మనిషి. ఫంక్షన్ హాళ్ల దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు, కాలువ నిండా నురగ. అన్న తమ్ముడు మోకాలి లోతు నీళ్లలో నిలబడి మమ్మల్ని చూసి చేయెత్తాడు. "ఏందన్నా, గిట్ల ఇయ్యాలొచ్చిన్రు?" అని నవ్వుతూ కేకేశాడు. అన్న ప్యాంటు పైకి మడిచాడు. తమ్ముడికి నాలుగడుగుల కిందికి దిగి, క్యాన్‌ను ఆ నీళ్లతోనే మూడుసార్లు తొలిచి, నాలుగోసారీ తొలిచి, నింపాడు. మూత బిగించడానికి చాలాసేపు పట్టింది. నేను సాయం చేయబోతే వద్దని తల ఊపాడు. ఆ తర్వాత మరో మూడు పనిరోజులు వెళ్లాం.

ఫలితం ఈసారి తేటగా విడిపోయింది. మురుగు వాటా పెద్దది, సబ్బు వాటా చిన్నది. కానీ ఉంది. రెండూ ఒకే సైజు అక్షరాల్లో రాసి ఇచ్చాను. మురుగు ఎన్నో బస్తీల మీదుగా వచ్చి కలుస్తుంది, దాన్ని ఆపాలంటే ఏళ్లు పడుతుంది. రేవును ఆపడానికి ఒక రేకు బోర్డు చాలు. రెండు నెలల్లో బోర్డు పెట్టారు. మురుగు ఇప్పటికీ పారుతూనే ఉంది, గుర్రపుడెక్క ఇప్పటికీ పూస్తూనే ఉంది. నేను తప్పు రాయలేదు. అయినా ఆ కాగితం తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

అన్న ఆ తర్వాత మూడేళ్లు పనిచేశాడు. నీలం పరీక్ష, వాసన చూడడం, పద్నాలుగు రోజుల మాట, ఏదీ మారలేదు. రేవు మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు. పదవీ విరమణ సభకు తమ్ముడు, తమ్ముడి భార్య వచ్చారు. నేను నమస్కారం పెడితే ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది. ఏమైందని అన్నను అడిగాను. చెవి వెనక గోక్కుంటూ, "ఆమెకు మనుషులతోని కలువరాదు మేడమ్. మీరు లడ్డు తినున్రి" అన్నాడు.

డ్రైవరు ఫోన్ చేసిన మరుసటి ఆదివారం బహదూర్‌పురా వెళ్లాను. అన్న భార్య ఆయనకంటే ముందే పోయింది. చివరి ఏళ్లు తమ్ముడింటికి ఆనుకుని ఉన్న గదిలో ఉండేవాడట, రెండు పూటలా తిండి తమ్ముడింట్లోనే. తమ్ముడు ఇప్పుడు వీధి మొగదల బండి పెట్టుకుని ఇస్త్రీ చేస్తున్నాడు. నన్ను చూసి ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ఇంట్లోకి తీసుకెళ్లి, కుర్చీ తుడిచి వేశాడు. ఆయన భార్య చాయ్ తెచ్చింది. ఈసారి మొహం తిప్పుకోలేదు. అన్న ఎలా పోయాడో చెప్పాడు. పొద్దున చాయ్ తాగి, ఆ గ్లాసు తనే కడుగుతూ కూలిపోయాడట. ఇద్దరం కళ్లు తుడుచుకున్నాం.

చాయ్ చల్లారాక తమ్ముడు గొంతు సవరించుకున్నాడు.

"ఒక మాట చెప్త, తప్పనుకోకున్రి మేడమ్. మీ మీద మస్తు కోపముండె మాకు. ఇయ్యాల లేదు. ఆయనే పోయినంక ఇంక కోపమెందుకు?"

"నా మీదా? ఎందుకు?"

"రేవు వోయింది గదా మేడమ్. శుక్రవారం నీళ్లు ఉండంగ, మళ్ల మంగళవారం కావాల్నని మీరే పట్టువట్టిన్రంట. అన్న మస్తు బతిమిలాడిండంట. 'మా తమ్మునిది పొట్ట కొట్టకున్రి మేడమ్' అని మీ కాళ్ల మీద వడ్డంత పని చేసిండంట. మీరు విన్లేదంట. ఆ రోజు ఇంటికొచ్చి గీ గడపల కూసోని ఏడ్సిండు. నేనే ఊకోవెట్టిన. 'నువ్వేం జేస్తవన్నా, పెద్దోళ్లు వినకపోతే' అని."

చాయ్ గ్లాసు కింద పెట్టాను. ఆఫీసులో అన్నను కాపాడటానికి నేను చెప్పిన మాటనే ఇంటికి తీసుకెళ్లి, దానికి తన కన్నీళ్లు కలిపి వాడుకున్నాడు. కోపం రాబోయింది. వచ్చేలోపే నా కళ్లు ఆ గది మూలకు పోయాయి. అక్కడ గోడకు ఆనించి రెండు పీటలున్నాయి, అన్నదమ్ములు పక్కపక్కన కూర్చుని తిన్నవి. నేను నోరు విప్పితే ఆ పక్కపీట ఇప్పుడు, మనిషి పోయాక, ఖాళీ అవుతుంది. తమ్ముడు నా మొహంలోకే చూస్తున్నాడు.

"అవునయ్యా" అన్నాను. "మీ అన్న చాలా బతిమిలాడారు. నేనే వినలేదు."

ఆయన నెమ్మదిగా తలాడించాడు. భార్య వంక చూసి, మళ్లీ నా వంక చూశాడు.

"నాకు ఎర్కే మేడమ్. మా అన్నకు అబద్ధమాడుడు రాదు."

"రాదు" అన్నాను.